శాంతరాజు మార్చిన ముగింపు

సినిమా వాళ్ళకి కథ చెప్పడం ఒక విద్య. రాసేవాడు గదిలో తలుపేసుకుని ఏమైనా రాసుకోవచ్చు. చెప్పేవాడికి మాత్రం ఎదురుగా నిర్మాత కూర్చుని ఉంటాడు. ఆయన చేతిలో కాఫీ చల్లారిపోతోందంటే కథ బాగున్నట్టు. ఆయన చూపు వాచీ మీద పడిందంటే చెప్పేవాడు చెప్పులు వెతుక్కోవాలి.

ఈ విద్యలో శాంతరాజుని కొట్టేవాడు ఫిలింనగర్‌లో లేడని అందరూ ఒప్పుకునేవారు. గుంటూరు దగ్గర ఒక పల్లెలో పాస్టరు గారి అబ్బాయి. ఏ మాట దగ్గర గొంతు తగ్గించాలో, ఏ మాట తర్వాత ఆగి జనం ముఖాలు చూడాలో తండ్రి ప్రసంగాలు వింటూ పట్టేశాడు. బి.ఏ. అయ్యాక మద్రాసు వెళ్ళాడు. పరిశ్రమ హైదరాబాదుకి తరలి వస్తుంటే దాని వెనకాలే వచ్చి బోరబండలో ఇల్లు తీసుకున్నాడు. ఇంట్లో ముగ్గురే, తనూ, భార్య సత్యవతీ, ఆవిడ తమ్ముడు ఆదామూ. తల్లిదండ్రులు పోతే పసివాడుగా ఉన్న ఆదాముని వీళ్ళే తెచ్చుకుని పెంచారు. వాడికి బోరబండ మాట అబ్బినంత తేలిగ్గా చదువు అబ్బలేదు. చివరికి శాంతరాజే ఒక మాట చెప్పి వాణ్ణి స్టూడియోలో లైట్‌మన్‌గా పెట్టించాడు.

కథలు చెప్పేవాళ్ళలో ఒక ఆచారం ఉంది. నిర్మాతకి మొదటిసారి వినిపించేటప్పుడు ఓటమి మాట నోట రాకూడదు. కథలో హీరో చచ్చిపోయినా సరే, ఆ పూటకి బతికించాలి. ఇల్లు తగలబడితే ఆర్పాలి. పొద్దున్నే అశుభం పలికాడన్న పేరొచ్చిందంటే మరే ఆఫీసు మెట్లూ ఎక్కనివ్వరు. అసలు ముగింపు సంగతి తర్వాత కథాచర్చల్లో, నిర్మాత హుషారుగా ఉన్నప్పుడు మెల్లిగా బయటపెట్టుకోవచ్చు. దీన్ని ఎవరూ అబద్ధం అనుకోరు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే శాంతరాజు కూడా అనుకోలేదు.

తొంభై రెండు, తొంభై మూడు ప్రాంతాల్లో జూబ్లీహిల్స్‌కి ఒక కొత్త జబ్బు పట్టుకుంది. లైసెన్సులు ఎత్తేశారు, ఎవరికి తోచిన వ్యాపారం వాళ్ళు చేసుకోవచ్చన్నారు. దాంతో ఎప్పుడో మన నాన్నల కాలంలో ఏ దేశాల్లోనో రాసిన లావుపాటి ఇంగ్లీషు నవలలు మళ్ళీ బయటికొచ్చాయి. ఒక్క మనిషి తన బుర్రతో ఫ్యాక్టరీ కడతాడు, లోకమంతా వచ్చి అడ్డం పడుతుంది, వాడు ఎవరికీ తల వంచడు. అన్నిటిదీ ఇదే వరస. అంతకుముందు కోఠీలో పాత పుస్తకాల కొట్ల ముందు ఎండలో పడుంటే వాటిని తిరగేసిన పాపాన పోయినవాడు లేడు. ఇప్పుడు కొత్త అట్టలేసుకుని ప్రతి ఆఫీసులోనూ సోఫా పక్కన కూర్చున్నాయి. చదివినవాళ్ళు కొద్దిమంది, చదివినట్టు మాట్లాడేవాళ్ళు మాత్రం ఊరినిండా. నిన్నటిదాకా ముహూర్తం చూడనిదే గుమ్మం దాటని పెద్దమనుషులు కూడా వ్యక్తి స్వేచ్ఛ గురించి క్లబ్బులో ఉపన్యాసాలు మొదలుపెట్టారు.

సూర్యప్రకాశరావు గారికి ఆ క్లబ్బులో నామోషీ అయింది. ఆయన తెనాలి వైపు మనిషి. రైసు మిల్లులు నడిపి, సినిమాలు తీసి, ఫిలింనగర్ బండరాళ్ళ మీద సొంతంగా ఒక షూటింగ్ ఫ్లోర్ కట్టించాడు. చెడ్డవాడు కాడు. పనివాళ్ళ పిల్లలకి జబ్బు చేస్తే తన కారు పంపేవాడు, పెళ్ళికి పిలిస్తే వెళ్ళి అక్షింతలు వేసేవాడు. కాని చుట్టాలూ, సంఘాలూ, సిఫార్సులూ చుట్టుముట్టి విసిగించేశాయి. క్లబ్బులో పదిమంది ముందు ఎవరో అలాంటి నవల ఒకదాని గురించి అడిగితే నోరు విప్పలేకపోయాడు. చదవబోతే మొదటి పేజీలోనే నిద్ర ముంచుకొచ్చింది. అందుకని శాంతరాజుని పిలిపించి, పుస్తకం చేతిలో పెట్టి, చదివి తనకి కథగా చెప్పమన్నాడు.

జూబ్లీహిల్స్ ఇంట్లో పొద్దుటిపూట వరండాలో కూర్చునేవారు. బయట డ్రైవరు కారు తుడిచిందే తుడుస్తూ ఉండేవాడు. శాంతరాజు రోజుకి కొంత చెప్పేవాడు. ఒక మనిషి నది ఒడ్డున గాజు ఫ్యాక్టరీ కడతాడు. సర్కారు కాదంటుంది, అన్నదమ్ములు వాటా అంటారు, ఊరు మనకేమిటంటుంది. మనవాడు అందరికీ ఒకటే జవాబు చెబుతాడు. నేను ఎవరికీ బాకీ లేను, నాకెవరూ బాకీ లేరు.

ఆ ఫ్యాక్టరీలో గాజు కరిగించే బట్టీ పక్కన ఒక గంట వేలాడుతుండేది. ఏ కూలివాడికి ఏ అనుమానం వచ్చినా మోగించవచ్చు. అది మోగితే అందరూ పని ఆపేయాలి. ఒకరోజు మనవాడు ఆ గంటని దింపించేస్తాడు. ఒకడి పిరికితనానికి ఇంతమంది ఆగిపోవడం ఏమిటంటాడు. ఎవడి పని వాడు చూసుకుంటే లోకం దానంతటదే సరిగా నడుస్తుందంటాడు.

అక్కడికొచ్చేసరికి సూర్యప్రకాశరావు కుర్చీ చేతిమీద గట్టిగా చరిచాడు. ఇన్నాళ్ళూ తన మనసులో ఉన్నదే ఎవడో దొర రాసిపెట్టాడని పొంగిపోయాడు. కాఫీ గడ్డకట్టేలా చల్లారిపోయింది. శాంతరాజుకి లోపల గర్వంగా అనిపించింది. ఆ గర్వాన్నే అప్పుడు అణుచుకోవలసింది.

ఆఖరి అధ్యాయం మాత్రం అతను అనుకున్నట్టు లేదు. బట్టీకి పగులు వస్తుంది. బొగ్గు వేసేవాడు చూస్తాడు, తన పని బొగ్గు కనక మాట్లాడడు. తాపీవాడు చూస్తాడు, తనని ఎవరూ పిలవలేదు కనక వెళ్ళిపోతాడు. గుమాస్తా కూడా చూస్తాడు. గంట లేదు. బట్టీ పగిలి, దానిమీద పనిచేస్తున్నవాళ్ళందరూ పోతారు. గేటు బయట నిలబడ్డ ఆ ఒక్క మనిషే మిగులుతాడు. రాసినవాడు అతన్ని మెచ్చుకున్నాడో తిట్టాడో ఎంత చూసినా తేలలేదు.

మర్నాడు శాంతరాజు వెళ్ళేసరికి ఆ ఇంట్లో సందడిగా ఉంది. కొత్త సినిమా ఆ రోజే మొదలవుతోంది. సూర్యప్రకాశరావు భార్య రాజ్యలక్ష్మి గారు కూడా ముగింపు విందామని పట్టుచీరతో వచ్చి కూర్చుంది. ఆవిడ నుదుటి బొట్టూ, పక్కనే పళ్ళెంలో కొబ్బరికాయా చూశాక శాంతరాజు నాలుక తన పని తను చేసుకుపోయింది. బట్టీ పగులుతోందని అందరూ పారిపోయారన్నాడు. మనవాడు ఒక్కడే దాని కింద నిలబడ్డాడన్నాడు. అక్కడ గొంతు తగ్గించి, ఆగి, ఇద్దరి ముఖాలూ చూశాడు. “ఇది నేను కట్టింది, నిలబడుతుంది అన్నాడండీ. నిలబడింది.”

సూర్యప్రకాశరావు కళ్ళు తుడుచుకున్నాడు. లేచి వచ్చి శాంతరాజు భుజం పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అసలు ముగింపు తర్వాత మెల్లిగా చెప్పుకోవచ్చులే అనుకున్నాడు శాంతరాజు. కాని ఇది పుస్తకం, దీనికి కథాచర్చలు ఉండవు. ఆ సంగతి ఆ క్షణాన అతనికి తట్టలేదు.

సూర్యప్రకాశరావు ఫ్లోర్‌లో పుస్తకంలోని గంటలాంటి ఆచారమే ఒకటి ఉండేది, మద్రాసు నుంచి వచ్చింది. పైన తాళ్ళతో వేలాడదీసిన చెక్క పలకలుంటాయి. లైట్‌మెన్ వాటిమీద కూర్చుని పెద్ద పెద్ద లైట్లు తిప్పుతుంటారు. కింద టీ ఇచ్చేవాడి దగ్గర్నుంచి హీరో దాకా ఎవరికైనా పైన ఏదైనా తేడాగా కనిపిస్తే “పైన!” అని కేక పెట్టవచ్చు. కేక వినబడితే టేక్ మధ్యలో ఉన్నా సరే అంతా ఆగిపోవాలి. ఊరికే భయపడ్డాడని తేలినా ఎవరూ తిట్టరు.

వారం తిరక్కుండా సూర్యప్రకాశరావు ఆ కేక తీసేశాడు. కేక పెట్టి టేక్ పాడుచేసినవాడు మర్నాడు రానక్కర్లేదన్నాడు. ఎవరి శాఖ వారిది, పక్కవాడి పనిలో వేలు పెట్టకూడదు. ఫ్లోర్ గోడ మీద నిలువెత్తు అక్షరాలతో “ఎవరి పని వారిది” అని రాయించాడు. మొదట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. తర్వాత చూస్తే పని చకచకా సాగింది, తగాదాలు తగ్గాయి. జనానికి ఆ మాట రుచించింది కూడా. అవతలివాడి గొడవ మనకి లేదంటే ఎంత హాయి. చూస్తుండగానే ఎవరూ తల పైకెత్తడం మానేశారు. శాంతరాజుకి గౌరవం పెరిగింది, కారులో ముందు సీటు నుంచి వెనక సీటుకి మారాడు.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర ఆదాము ఏదో తమాషా సంగతి చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. మర్నాడు పెద్ద పాట తీస్తారు, డాన్సు మేళం అంతా ఉంటుంది.

“గా మూల పలక ఉంటది సూడు బావా, దాని తాడు ఒక దిక్కు పేలికలయింది. కాలు పెడితే కిర్రుమంటది.”

సత్యవతి చేతిలో గరిటె ఆగింది. శాంతరాజు ఎవరికైనా చెప్పావా అని అడిగాడు.

“నాకేంది బావా? నా పని లైటు. తాడు సెట్టింగోళ్ళది. గోడ మీద గంత పెద్దగ రాసిపెట్టిన్రు గదా.”

వాడు నవ్వుతూనే ఉన్నాడు. పుస్తకంలో ఆ బొగ్గు వేసేవాడు అనుకున్న మాటే ఇది. రేపు ఆ పలక ఎక్కొద్దురా అన్నాడు. తను ఎక్కకపోతే ఇంకొకడు ఎక్కుతాడనీ, అప్పుడు ఆ చోటు వాడిదే అయిపోతుందనీ ఆదాము జవాబిచ్చాడు. అక్క బతిమాలింది. తమ్ముడు ఆవిణ్ణి ఆటపట్టించి చెయ్యి కడుక్కున్నాడు. పిల్లవాణ్ణి ఎత్తుకుని పెంచినట్టు ఇప్పుడు ఎత్తి పక్కన పెట్టడం కుదరదు కదా. శాంతరాజు ఆ రాత్రి ప్రార్థనకి కూర్చున్నాడు గాని ఒక్క మాటా కూడిరాలేదు.

తెల్లవారగానే ఫ్లోర్‌కి వెళ్ళాడు. సెట్టింగు మేస్త్రీ కాశీవిశ్వనాథం సెట్టుకి చివరి మెరుగులు దిద్దుతున్నాడు. చాలా మర్యాదస్తుడు, మద్రాసు నుంచీ తెలిసినవాడు. తాడు సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. తనకీ తెలుసు. తాడు తనదే అన్నాడు, కాని తను కట్టింది సెట్టు బరువుకి, దానిమీద లైట్ల బరువెంత ఎక్కిస్తారో తనని ఎవరూ అడగలేదన్నాడు. మార్చమని లైట్ల శాఖ నుంచి మాట రావాలి. లైట్ల శాఖలో అడిగితే తాడు గురించి మాట్లాడే హక్కు తమకి లేదన్నారు. కెమెరామన్ తన కంటికి వెలుగు వస్తే చాలన్నాడు. ఎవరూ కసురుకోలేదు, కుర్చీ చూపించి మరీ మాట్లాడారు. అందరూ ఆ తాడుని చూసినవాళ్ళే.

ఇంక ఒకటే దారి. శాంతరాజు జూబ్లీహిల్స్ ఇంటికి పరుగున వెళ్ళాడు. సూర్యప్రకాశరావు స్నానం చేసి, తెల్లబట్టలు వేసుకుని బయల్దేరుతున్నాడు. శాంతరాజు తాడు సంగతి చెప్పలేదు, ముందు తన తప్పు చెప్పాడు. గొంతు తగ్గించలేదు, మధ్యలో ఆగలేదు. ఇన్నేళ్ళలో అంత చెడ్డగా అతను ఏ కథా చెప్పలేదు. ముగింపు మార్చానండీ, పుస్తకంలో బట్టీ కూలిపోయిందండీ, దానిమీద ఉన్నవాళ్ళందరూ పోయారండీ, మనవాడొక్కడే మిగిలాడండీ అన్నాడు. తర్వాత తాడు గురించీ, ఆదాము గురించీ చెప్పాడు.

సూర్యప్రకాశరావు శ్రద్ధగా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. నవ్వాడు.

“అంటే ఆఖరికి మిగిలింది మనవాడేగా?”

శాంతరాజు మళ్ళీ తాడు మాటెత్తబోతే ఆయనే అందుకున్నాడు.

“రాసినవాడికి ధైర్యం చాలలేదు శాంతరాజు గారూ. మీరు చెప్పిందే కథ. పదండి, ఆ పలక సంగతేదో చూద్దాం.”

చూద్దాం అన్నాడు కదా అని శాంతరాజుకి కొండంత ఆశ పుట్టింది. కారులో దారి పొడుగునా దేవుడికి దండాలు పెట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి ఫ్లోర్ నిండా జనం. పొద్దున శాంతరాజు తిరిగి తిరిగి అడగడంతో సంగతి పాకింది. లైట్‌మెన్‌లో కొందరు ఆ మూలకి ఎక్కం అని కింద నిలబడిపోయారు. పైన పలక మీద ఆదాము ఒక్కడే లైటు పక్కన కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు. సూర్యప్రకాశరావు అందర్నీ ఒక్కసారి చూశాడు. మేళంలో అమ్మాయిల్నీ, దర్శకుణ్ణీ, అందర్నీ పక్కకి జరగమన్నాడు. తను నడుచుకుంటూ వెళ్ళి సరిగ్గా ఆ పలక కింద, సెట్టు మధ్యలో నిలబడ్డాడు.

అప్పుడు శాంతరాజుకి అర్థమైంది. పలక సంగతి చూడటమంటే ఇది.

“ఇది నేను కట్టింది,” అన్నాడు సూర్యప్రకాశరావు అందరికీ వినబడేలా. “నిలబడుతుంది. పాట వెయ్యండి.”

శాంతరాజు “పైన!” అని కేక పెట్టాడు. పాస్టరు గారి కొడుకు గొంతు, ఫ్లోర్ నాలుగు మూలలా మోగింది. ఎవరూ కదల్లేదు. వినబడక కాదు. లైట్ల వాళ్ళు స్విచ్చులు చూశారు, సెట్టింగు వాళ్ళు నేల చూశారు, కాశీవిశ్వనాథం చేతిలో బ్రష్షు చూసుకున్నాడు. పాట వినిపించే నాగ్రా టేపు మిషను ముందున్నవాడు మీట నొక్కాడు. పాట ఫ్లోరంతా నిండిపోయి, రెండోసారి పెట్టిన కేక శాంతరాజుకే వినబడలేదు. లైట్లు వెలిగాయి. పైన ఆదాము లేచి నిలబడి బరువైన ఆ లైటుని సూర్యప్రకాశరావు మీదికి తిప్పాడు. పలక ఒక పక్కకి ఒరిగింది. తాడు నుంచి నారపీచు దుమ్ములా రాలి వెలుగులో కనబడింది.

శాంతరాజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్ళు మూసుకుందామంటే మూతపడలేదు. పల్లవి అయింది, చరణం అయింది, మళ్ళీ పల్లవి వచ్చింది. సూర్యప్రకాశరావు ఒక్కసారి కూడా తల పైకెత్తి చూడలేదు.

పాట అయిపోయింది. పలక ఉంది.

ముందు ఎవరో చప్పట్లు కొట్టారు, తర్వాత ఫ్లోరంతా అందుకుంది. దర్శకుడు కళ్ళు తుడుచుకున్నాడు. సూర్యప్రకాశరావు నేరుగా శాంతరాజు దగ్గరికి వచ్చి కావలించుకున్నాడు. ఆయన ఒళ్ళు చెమటతో తడిసి ఉంది, గుండె దడదడలాడుతోంది. ఆయనకీ భయం వేసిందన్నమాట. అయినా ముఖంలో ఒక వెలుగు, ఇంక జన్మలో ఎవరిమాటా వినక్కర్లేని వెలుగు. క్లబ్బులో మరిద్దరు నిర్మాతలు ఈ కథ వింటామంటున్నారనీ, వాళ్ళ ఫ్లోర్లలో కూడా ఇలాగే పెట్టించాలనీ, శాంతరాజు గారే వచ్చి చెప్పాలనీ అన్నాడు.

“మీరు చెప్పినట్టే చెప్పండి. ఆ పుస్తకంలో ఉన్నట్టు వద్దు.”

శాంతరాజు తల ఊపాడో లేదో అతనికే తెలియదు. అతని మనసులో అప్పుడు ఒకటే మాట తిరుగుతోంది. ఇందాక కూలిపోయి ఉంటే బాగుండును అనుకున్నాడు. చరణం నడుస్తుండగా, పీచు రాలుతుండగా, పడిపో అని తను మనసారా కోరుకున్నాడు. తన మాటే నిజం కావాలని కోరుకున్నాడు. పైన నిలబడింది ఆదాము అని తెలిసే కోరుకున్నాడు. ఎత్తుకుని పెంచిన పిల్లవాడు. ఆ సంగతి ఇంటికెళ్ళి సత్యవతికి చెప్పలేడు, ఏ ఆదివారమూ మోకరించి ఒప్పుకోలేడు. తనమీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

దర్శకుడు ఇప్పుడు అసలు టేక్ తీద్దామన్నాడు. మేళం వచ్చి వరసల్లో నిలబడింది. పాటకి వెలుగు చాలలేదని కెమెరామన్ ఆ మూలకే ఇంకో రెండు లైట్లు కావాలన్నాడు. పొద్దున్నుంచీ ఎక్కం అని మొరాయించిన లైట్‌మెన్ సిగ్గుపడుతూ ముందుకొచ్చారు. ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ, నవ్వుకుంటూ నిచ్చెన ఎక్కారు.

“ఏంది బావా, ఉత్తగ పరేషాన్ చేస్తివి అందర్ని,” అని పైనించి ఆదాము అరిచాడు. వచ్చినవాళ్ళకి చోటివ్వడానికి పలక చివరికి జరిగి కూర్చున్నాడు.